ఇంగ్లీషులో మా అమ్మ గుణగణాలు

మా అమ్మకి ఇంగ్లీషు వచ్చు. నవ్వకండి. బడి మొహం చూడని మనిషే, సంతకం అడిగితే బొటనవేలు చాపే మనిషే, అయినా వచ్చు. వచ్చిన నాలుగు ముక్కలూ తిట్లే. అవీ తన గురించి తను చెప్పుకోడానికి నేర్చుకున్నవి. ఆ ముక్కలే నన్ను నర్సుని చేశాయి. ఎలాగో చెప్తాను. మధ్యలో ఎవరైనా "పాపం, చదువులేని వాళ్ళు" అన్నారంటే మాత్రం అక్కడితో ఆపేస్తాను, నా సంగతి మీకు తెలీదు.

అరవైల చివర మాట. ఆమదాలవలసలో స్టేషనుకి కొంచెం ఇవతల, రైసు మిల్లు వెనక వీధిలో ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆ మిల్లు కళ్ళంలోనే పనిచేసేది. ఉడకబెట్టిన ధాన్యం గచ్చు మీద ఎండబోసి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా కాళ్ళతో తిరగదిప్పుతూ నడవడమే పని. నేను ఎస్సెల్సీ గట్టెక్కాను. గట్టెక్కిన మర్నాడే మిల్లు మేస్త్రీ వీధిలో నన్నాపి, "సదువైపోనాది కదేటి, రేపట్నించి నువ్వూ కళ్ళానికి వచ్చీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పాదాలు చూసిన దాన్ని నేను. చచ్చినా ఆ గచ్చు మీద నడవను అనుకున్నాను.

విజయనగరం వైపు ఒక మిషను ఆసుపత్రిలో ఆడపిల్లలకి నర్సు ట్రైనింగు ఇస్తారని, తిండీ బట్టా కూడా వాళ్ళదేనని తెలిసింది. అడ్డల్లా ఒక్కటే, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, వాళ్ళు ఎలాంటి మనుషులు అని అడుగుతారట. నాకు ఆ సీటు కావాలి. అంతకు మించి నాకు ఆ ఏడు ఇంకో ఆలోచన లేదు.

స్టేషను రోడ్డులో ఒక మాస్టారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, మిషను హైస్కూల్లో పనిచేసి రిటైరై ఇక్కడే ఇల్లు అద్దెకి తీసుకున్నారు. సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేవారు. నేను, ఇంకో ఇద్దరు అమ్మాయిలు, గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్న ఒకతను, అంతే క్లాసు. ఎదిగిన పిల్లని ఒంటరిగా పంపడం ఇష్టం లేక అమ్మ కూడా వచ్చి వరండాలో కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంట్లో లేదు. ఎవరింటిదో చింతపండు ఒళ్ళో పెట్టుకుని గింజలు తీస్తూ ఉండేది.

మాస్టారిది ఒకటే పట్టు. "గుణాలు పుస్తకాల్లో ఉండవమ్మా, మనుషుల్లో ఉంటాయి. మనిషిని చూస్తూ మాట నేర్చుకోవాలి" అనేవారు. ఆ సాయంత్రం మంచి గుణాలు కొన్ని, చెడ్డ గుణాలు కొన్ని నల్లబల్ల మీద రాశారు. అర్థాలు చెప్పారు. చెప్పి, "నీకు బాగా ఇష్టమైన మనిషి ఎలాంటిదో చెప్పమ్మాయ్" అన్నారు నన్ను.

నేను లేచి, వరండా వైపు చెయ్యి చూపించి, గడగడా అప్పచెప్పేశాను. "మై మదర్ ఈజ్ లేజీ. షీ ఈజ్ అగ్లీ. షీ ఈజ్ క్రూయల్. షీ ఈజ్ డర్టీ."

సోమరి, కురూపి, క్రూరురాలు, మురికి మనిషి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వరండాలో అమ్మ తలెత్తకుండా చింతపండు ఒలుస్తోంది.

"పోనీ, నీకు గిట్టని వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరండి? మా గోడవతలావిడ ఉన్నాది. ఆలింటి తూములో నీళ్ళన్నీ మా వాకిట్లోకే వదిలేస్తాది" అన్నాను. ఆవిణ్ని తలుచుకోగానే నాకు కోపం ముంచుకొచ్చింది. కసిదీరా అన్నాను. "షీ ఈజ్ కైండ్. షీ ఈజ్ జనరస్. షీ ఈజ్ బ్యూటిఫుల్!"

దయగలది, దానగుణం కలది, అందగత్తె. మాస్టారు గరివిడి అతని వైపు తిరిగారు. అతను తన కొడుకు అగ్లీ, స్టుపిడ్ అన్నాడు. ఆ పిల్లాడింకా పాలు తాగుతున్నాడు, బంగారు ముద్దలా ఉంటాడు. తరవాత, తనని పన్లోంచి తీసేసిన మా మిల్లు షావుకారు హ్యాండ్సమ్, హెల్దీ అన్నాడు, పళ్ళు పటపటా కొరుకుతూ. మిగతా ఇద్దరమ్మాయిలూ అంతే. ఆ వేళ మాస్టారు అన్నం తినలేదని తరవాత తెలిసింది. ఈ ఊరి జనం కన్నవాళ్ళని అసహ్యించుకుని పగవాళ్ళని పూజిస్తారేమిటా అని బెంగ పెట్టుకున్నారట.

గుంటూరు మనిషికి ఏం తెలుసు? అక్కడ కూడా దిష్టి ఉంటుంది గానీ మాకున్నంత లేదేమో. మా వీధిలో ఇష్టమైన మనిషిని మొహం మీద మెచ్చుకోవడం అనేది లేదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. కంటికే అంత ఉంటే నోటికెంత ఉండాలి? నా ముందు పుట్టిన పిల్లలు పురిట్లోనే పోయారు. వాళ్ళని చూసి అందరూ ఎంత బాగున్నారో అన్నారట. అందుకని నేను పుట్టగానే అమ్మ నన్ను చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టించి, "ఈ పెంట నాకొద్దు, మీరే తీసుకోండి" అని అరిచింది. గోడవతలావిడే నన్నెత్తుకుంది, అప్పటికింకా గోడ తగువు రాలేదు. ఆవిడ దగ్గర అమ్మ చేరెడు తవుడిచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. తవుడుకి కొన్న పిల్లకి మా వైపు ఏం పేరు పెడతారో అందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు. పారేసిన దాన్ని చావు కూడా ఎత్తుకుపోదని లెక్క. అప్పట్నుంచి అమ్మ నోట నా గురించి ఒక్క మంచి మాట రాలేదు. నా నోట ఆవిడ గురించీ రాలేదు. నాకు మా అమ్మంటే ప్రాణం, అందుకే.

ఇంటికెళ్ళే దారిలో అమ్మ అడిగింది. "నన్ను సూపించి ఏటో సెప్పినావు, ఏటది?"

అర్థాలు చెప్పాను. అమ్మ మొహం విచ్చుకుంది. ఒక్కొక్క ముక్కే నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నోటికి పట్టేసింది. గోడవతలావిడ వాటా మాటల్లో బ్యూటిఫుల్ ఒక్కటే పట్టుకుంది. మర్నాటికి కుళాయి దగ్గర అందరికీ చెప్పేసింది కూడా. "మా గుంట నన్ను ఇంగిలీసులో లేజీ అన్నాది, అగ్లీ అన్నాది. తెలుగు తిట్టుకి దిష్టి ఆగుతాదో ఆగదో గానీ, ఇంగిలీసు తిట్టు దాటి రావాలంటే దాని వల్ల కాదు." అంతటితో ఊరుకుందా? గోడ మీంచి అవతలావిడకి కూడా అందించింది. "వదినా, నిన్ను మాత్రం బ్యూటిఫుల్ అన్నాదిలే. అందగత్తె అని."

ఆ వారంలోనే ఆవిడ గేదె తన్నింది. పాలచెంబు ఒక మూల, ఆవిడ ఒక మూల. కాలు బెణికి కుంటుకుంటూ మాస్టారింటికే వచ్చేసింది, క్లాసు జరుగుతుండగా.

"ఒసే గుంటా! నన్ను బ్యూటిఫుల్ అన్నావటే? నీ నోరు పడిపోను! పెంటమీంచి ఎత్తుకున్న దాన్ని, నానేటి సేసానే నీకు?"

మాస్టారు కంగారుగా లేచారు. "అమ్మా, ఆ పిల్ల మిమ్మల్ని పొగిడింది. మంచి మాటే."

"పొగిడితే ఊరుకుంటామేటండి బాబూ! మీరు పెద్దోరు, నాయం సెప్పండి. ఇప్పుడే, మీ ఎదాటే, ఆ మాట ఎనక్కి తీయించండి."

నేను కదల్లేదు. తూము సంగతి తేల్చమన్నాను. ఆవిడ కాసేపు నన్నూ, అమ్మనీ, బెణికిన కాలునీ చూసుకుని, తూము అటు తిప్పించుకుంటానని మాస్టారి గోడ మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది. అప్పుడు లేచి నిలబడి, "యూ ఆర్ అగ్లీ. యూ ఆర్ డర్టీ. యూ ఆర్ స్టుపిడ్" అన్నాను. ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని, మాస్టారికి దణ్ణం పెట్టి, నిమ్మళంగా వెళ్ళిపోయింది. మర్నాడు మాకొక ఆనపకాయ పంపించింది.

దీనికి తోడు మిల్లు షావుకారికి కూర్చునే చోట సెగగడ్డ లేచింది. హెల్దీ అని ఎవరన్నారో ఊరందరికీ తెలుసు. ఇంకేముంది! మాస్టారి గుమ్మం ముందు జనం. చంటిపిల్లల్ని తెచ్చి ఇంగ్లీషులో నాలుగు తిట్టించమనే తల్లులు కొందరు. ఎదుటి కొట్టువాణ్ని ఆనెస్ట్ అనడానికి ఏం తీసుకుంటారని చెవిలో అడిగే వర్తకులు కొందరు. షావుకారైతే రిక్షాలో పక్కకి ఒరిగి కూర్చుని వచ్చి, గరివిడి అతని చేత స్టుపిడ్ అనిపించుకుని, అతణ్ని మళ్ళీ పన్లోకి పెట్టుకున్నాడు. నిజం, నమ్మితే నమ్మండి.

మాస్టారు తల పట్టుకున్నారు. అప్పుడు అమ్మే ఆయన్ని కూర్చోబెట్టి, చాటా పెంటకుప్పా తవుడూ అన్నీ చెప్పింది. అమ్మ నీళ్ళకని దొడ్లోకి వెళ్ళినప్పుడు ఆయన నాతో మెల్లిగా అన్నారు. "అమ్మాయ్, అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళు బయటి దేశం వాళ్ళు. కన్నతల్లిని క్రూయల్ అంటే నీకు సీటు రాదు. మంచి మాటలే చెప్పాలి."

సీటు కావాలంటే అమ్మకి దిష్టి పెట్టాలి. పెట్టకపోతే కళ్ళం. ఆ మధ్యే అమ్మకి పచ్చకామెర్లు వచ్చి, చావు తప్పి బతికింది కూడా. చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. దయ, ఓర్పు, కష్టపడే గుణం. వీటికి కైండ్, పేషెంట్, హార్డ్‌వర్కింగ్ అనే మాటలు అమ్మకి తెలీవు. తెలీని మాట తగలదులే అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆవిడ మిల్లుకెళ్ళాక గోడకేసి చూస్తూ వల్లె వేసేదాన్ని, వేసిన ప్రతిసారీ ఎడం పక్కకి తుపుక్కున ఉమ్మేదాన్ని.

ఇంటర్వ్యూ రోజున ప్యాసింజరు బండిలో వెళ్ళాం. ఆసుపత్రి గదిలో బల్ల వెనక ఒక దొరసాని డాక్టరమ్మ, పక్కన పెద్ద నర్సు. డాక్టరమ్మ కొత్తగా వచ్చింది, ఆవిడ తెలుగు ఇంకా "నొప్పి ఎక్కడ" దగ్గరే ఉంది. పెద్ద నర్సు మలయాళీ, మా భాష బాగానే అర్థమవుతుంది. కూడా వచ్చిన పెద్దవాళ్ళని తలుపు పక్క బల్ల మీద కూర్చోమన్నారు. అమ్మ కొంగు నిండా కప్పుకుని కూర్చుంది.

అనుకున్నదే అడిగారు. మీ అమ్మ ఎలాంటి మనిషి?

కళ్ళు మూసుకున్నాను. "మై మదర్ ఈజ్ కైండ్. షీ ఈజ్ పేషెంట్. షీ ఈజ్ హార్డ్‌వర్కింగ్." డాక్టరమ్మ నవ్వుతూ తలూపుతోంది. అక్కడ ఆపి ఉంటే బాగుండును. కానీ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనని మాటలు, ఒకసారి నోట్లోంచి వచ్చాక ఆగవు. నాకు ఏడుపొచ్చేసింది. "షీ ఈజ్ బ్యూటిఫుల్" అనేశాను.

అది అమ్మకి తెలిసిన మాట. గేదె చేత తన్నించిన మాట.

"ఓలమ్మో! నా కొంప తీసీసినావే!" అమ్మ ఎగిరి లేచింది. తూ తూ తూ అని పక్కకి ఉమ్మి, గబగబా బల్ల దగ్గరికి వచ్చి, డాక్టరమ్మ మొహంలో మొహం పెట్టి చెప్పింది. "నో నో, దొరమ్మా. ఐ లేజీ. ఐ అగ్లీ. ఐ క్రూయల్. ఐ డర్టీ."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. తరవాత నా వైపు జాలిగా చూసి, నా చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆ చూపు చూసింది. తన పిల్ల మీద ఒక తెల్లావిడ అంత ఇష్టంగా కన్నేస్తే ఊరుకుంటుందా? నా భుజం పట్టి ఊపుతూ అందుకుంది. "ఈ గుంట కూడా! లేజీ! డర్టీ! స్టుపిడ్!" ఇంగ్లీషు అయిపోయింది. తెలుగులోకి వచ్చేసింది. "ఈ పెంట నాకొద్దు! మీరే తీసుకోండి!"

పెద్ద నర్సు అది ఇంగ్లీషులో చెప్పింది. కన్నకూతుర్ని చెత్త అంటోంది, తనకి వద్దట, మనల్నే తీసుకోమంటోంది అని.

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికప్పుడే సీటిచ్చేసింది. ఎందుకిచ్చిందో వింటే మీకు పిచ్చెక్కుతుంది. ఇంత దుర్మార్గపు తల్లి దగ్గర పెరిగి కూడా ఆమె గురించి అంత మంచిగా మాట్లాడిన పిల్లకి ఎంత ఓర్పు ఉండాలి, నర్సుకి కావలసింది అదే కదా అందట. నన్ను పక్కకి తీసుకెళ్ళి, "ఇక్కడ నీకేం భయం లేదు, ఆమె నిన్నేమీ చెయ్యలేదు" అని కూడా చెప్పింది. నా ఇంగ్లీషులో ఉన్న గుణాలన్నీ ఏకరువు పెట్టినా ఆ మాటకి జవాబు చెప్పలేకపోయాను. బయటికి రాగానే అమ్మ అడిగింది. "దొరమ్మ ఏటన్నాది?"

"నువ్వు చాలా చెడ్డదానివంది."

"అన్నాదా!" అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "మంచి తల్లి. అలగే అనుకోనీ."

అప్పట్నుంచి అమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ మొహం మాడ్చుకునేది. అమ్మ జంతికలు తెస్తే, విషం పెట్టి తెచ్చిందేమో అన్నట్టు చూసేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అమ్మ మాత్రం మురిసిపోయేది. "సూడు, ఎంత అసయ్యంగా సూస్తన్నాదో. ఇలాటి మనిషి కాడుంటే నీకే దిష్టీ తగలదు" అనేది.

నేను ఊరుకోగలనా? రెండో ఏడు వచ్చేసరికి నా ఇంగ్లీషు కాస్త నిలదొక్కుకుంది. ఒకనాడు డాక్టరమ్మ ఎదట నిలబడి చాట దగ్గర్నుంచి సెగగడ్డ దాకా మొత్తం చెప్పేశాను. ఆవిడ మొదట నవ్వింది, తరవాత ఏడ్చింది. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండును! అమ్మ మళ్ళీ వచ్చిన రోజున వరండాలో, నలుగురి ఎదటా, అమ్మ రెండు చేతులూ పట్టుకుని, అప్పటికి నేర్చుకున్న పుస్తకాల తెలుగులో గట్టిగా అంది. "నీవు చాలా మంచి తల్లివి. నీ కుమార్తె చాలా మంచి పిల్ల."

అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేతులు లాక్కుంది. సాయంత్రం బండికి కూడా వెళ్ళలేకపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. ఆడవాళ్ళ వార్డులో మంచం వేశారు. రక్తం చూశారు, ఎక్సరే తీశారు, ఏమీ లేదు. మందులు దిగుతున్నాయి, జ్వరం దిగడం లేదు. అన్నం ముద్ద ముట్టుకోలేదు. అడిగితే, "ఆ మాట తగిలినాది" అని గోడకేసి తిరిగేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

నేను వెళ్ళి డాక్టరమ్మని అడిగాను, ఆ మాట వెనక్కి తీసుకోమని. రోగిని తిట్టడం తన వల్ల కాదంది, అది మూఢనమ్మకం అంది. నాకు తిక్కరేగింది. "మీ సూదులకి తగ్గిందా? తగ్గలేదు కదా! మీరు అంటించారు, మీరే తియ్యాలి" అని కేకలేశాను. ట్రైనింగులో ఉన్న పిల్ల డాక్టరు మీద కేకలేస్తే సీటు ఊడుతుందని నాకు తెలుసు. ఊడితే ఊడనీ, కళ్ళంలో నడుస్తాను, మా అమ్మ నాకు కావాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న రౌండ్లకి వచ్చింది డాక్టరమ్మ. అమ్మ మంచం దగ్గర ఆగింది. మెడలో గొట్టం సర్దుకుంది.

"యూ ఆర్ లేజీ" అంది.

అమ్మ కళ్ళు తెరిచింది.

"యూ ఆర్ అగ్లీ. యూ ఆర్ క్రూయల్. యూ ఆర్ డర్టీ."

అమ్మ ఒక్కొక్క దానికీ తలూపింది. అయినా మొహంలో తేటదనం రాలేదు. దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి, కాళ్ళ దగ్గర నిలబడ్డ నన్ను చూపించింది.

"మరి మా గుంట?"

అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఆ రోజు వరండాలో మంచిదన్నది మా ఇద్దర్నీ. ఇన్నాళ్ళూ ఈవిడ ఒళ్ళు కాలింది తన గురించి కాదు. నాకు నిలబడ్డ చోటే కళ్ళు ధారలు కట్టాయి.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "లేజీ" అంది. "స్టుపిడ్." కాసేపు ఆలోచించి, "అండ్ రూడ్. వెరీ, వెరీ రూడ్" అంది. అది మాత్రం మనస్ఫూర్తిగా అన్నట్టుంది.

"ఆ ఆఖర్ది ఏటి?" అంది అమ్మ. "అది నాకు రాదు."

"పొగరుబోతు అని" అన్నాను ఏడుస్తూనే.

అమ్మ ఆ ముక్కని పెదాల మీద ఒకసారి అనుకుంది. డాక్టరమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తరవాత నా వైపు తిరిగి, "అలగ నిలబడిపోనావేటే? ఆకలేస్తన్నాది, గంజేటైనా ఉన్నాదేటో సూడు" అంది.